కార్డీలియా ఏ పాపం చేసింది?

మా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో పన్నెండో తరగతి పిల్లల ప్రస్తావన వస్తే వరసగా వినిపించే పేర్లు క్యాల్‌క్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ, కంప్యూటర్ సైన్స్ ఏ. అన్నీ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులే. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చదివి, మే నెలలో పరీక్ష రాసి, 5కి నాలుగో అయిదో తెచ్చుకుంటే చాలా కాలేజీల్లో ఆ సబ్జెక్టు మళ్ళీ చదవక్కర్లేదు. ఫీజూ కలిసొస్తుంది. 1950ల నుంచీ ఉన్న ఏర్పాటు ఇది, కాలేజ్ బోర్డు నడుపుతుంది. ఆ జాబితాలో ఇంగ్లీషు సాహిత్యం కూడా ఉందన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి గుర్తుండదు. మా అమ్మాయి అది తీసుకుంటానన్నప్పుడు తెలిసినావిడ ఒకరు, "ఎందుకండీ, ఉన్న జీపీఏ పాడుచేసుకోవడానికా?" అన్నారు. ఆవిడ భయంలో అర్థం లేకపోలేదు. లెక్క అయితే వచ్చిందో రాలేదో తెలిసిపోతుంది. ఇక్కడ నాలుగు పేజీలు రాసి ఇచ్చినా టీచరు మార్జిన్లో "అయితే ఏమిటి?" అని రాసి తిప్పి పంపిస్తుంది.

ఇందులో ఓ తమాషా కూడా ఉంది. కాలేజీ సాహిత్యం ఇప్పుడే బాగా చదివేస్తే, కాలేజీకి వెళ్ళాక సాహిత్యం ముట్టుకోకుండానే బయటపడొచ్చు. ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నదాన్ని నేను, కాబట్టి ఈ విషయంలో ఎవర్నీ అనే హక్కు నాకు లేదు.

పరీక్ష 3 గంటలు. మొదటి గంటలో 55 ప్రశ్నలు, గుర్తులు పెట్టేవి. మిగతా 2 గంటల్లో 3 వ్యాసాలు: ఒక కవిత మీద ఒకటి, ఒక కథాభాగం మీద ఒకటి, మూడోది తను చదివిన నవలో నాటకమో ఎంచుకుని. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు. వాదానికి 1, ఆధారాలకీ వాటిని విప్పి చెప్పినందుకూ కలిపి 4, ఆలోచన లోతుకి 1. అంటే బరువంతా ఆధారం మీదే. నువ్వేమనుకున్నా సరే, అది పుస్తకంలో ఎక్కడుందో చూపించాలి. ఫలానా పుస్తకాలే చదవాలన్న నియమం లేదు, టీచరు ఇష్టం. వీళ్ళ టీచరు చలికాలం సెలవులవగానే 'కింగ్ లియర్' మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు భీమవరం నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు.

లియర్ కథ మనవాళ్ళకి కొత్తగా ఏం అనిపించదు. ముసలి రాజు రాజ్యాన్ని ముగ్గురు కూతుళ్ళకీ పంచిపెడదామనుకుని, నా మీద ఎవరికెంత ప్రేమో చెప్పండి అంటాడు. పెద్దవాళ్ళిద్దరూ మాటలతో మేడలు కడతారు. చిన్నది కార్డీలియా, కూతురికి ఎంత ఉండాలో అంత ఉంది నాన్నా, లేనిపోనివి చెప్పలేను అంటుంది. కోపంతో వెళ్ళగొడతాడు. తర్వాత పెద్దకూతుళ్ళ దెబ్బకి ఆయన గాలివానలో పిచ్చివాడై తిరగడం, చిన్నదే సైన్యంతో తిరిగొచ్చి తండ్రిని చేరదీయడం. ఉప్పంత ఇష్టం నాన్నా అన్న చిన్నకూతురి కథ మా అమ్మమ్మ చెప్పేది. అందులో చివర ఉప్పులేని విందు పెట్టి తండ్రికి బుద్ధొచ్చేలా చేస్తుంది, అందరూ ఏడ్చి కావిలించుకుంటారు. షేక్స్పియర్ దగ్గర అలా జరగదు. యుద్ధంలో కార్డీలియా ఓడిపోతుంది. తండ్రీకూతుళ్ళిద్దర్నీ చెరలో వేస్తారు. ఎడ్మండ్ అనేవాడు ఆమెని ఉరితీయమని రహస్యంగా ఆజ్ఞ రాసి పంపిస్తాడు. వాడే చావబోతూ మనసు మార్చుకుని, పరిగెత్తండి, ఆపండి అంటాడు. ఆల్బనీ దొర ఆమెని దేవతలు కాపాడాలని మొక్కుకుంటాడు. ఆ మొక్కు నోట్లో ఉండగానే లియర్ కూతురి శవాన్ని చేతుల మీద మోసుకుంటూ వస్తాడు. అద్దం తెమ్మంటాడు, ఊపిరి తగిలి మసకబారుతుందేమోనని. ఈక ఒకటి ముక్కు దగ్గర పెట్టి, కదిలిందంటాడు. కదల్లేదు.

ఈ భాగం నేను ల్యాబ్‌లో రాత్రి షిఫ్టు చేస్తూ బ్రేక్ రూములో కూర్చుని చదివాను, మా అమ్మాయి పుస్తకంలోనే. అంచుల నిండా దాని పెన్సిల్ రాతలు, పసుపు కాగితాలు. ఆల్బనీ మొక్కుకునే చోట ఏమీ రాయలేదు, గీత మాత్రం కాగితం చిరిగేలా గీసింది.

ఆ ఇంగ్లీషువాళ్ళకీ ఇది మింగుడుపడలేదట. షేక్స్పియర్ కంటే ముందున్న పాత లియర్ నాటకంలో కార్డీలియా బతికే ఉంటుంది, రాజుకి రాజ్యం తిరిగొస్తుంది. ఆయన కావాలని చంపాడన్నమాట. 1681లో నహూమ్ టేట్ అనే కవి ఆ ముగింపుని తీసేసి, కార్డీలియాని బతికించి ఎడ్గర్ అనే దొరబిడ్డకిచ్చి పెళ్ళి చేశాడు. సుమారు 150 ఏళ్ళపాటు లండన్ రంగస్థలం మీద ఆడింది ఎక్కువగా ఆ పెళ్ళి నాటకమే. అసలు మూలాన్ని 1838లో మాక్రెడీ అనే నటుడు మళ్ళీ వేదికెక్కించేదాకా జనం అలాగే చూశారు. విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ అంతటి గట్టి మనిషి, కార్డీలియా చావు తనని ఎంత దెబ్బతీసిందంటే, షేక్స్పియర్ నాటకాలు పరిష్కరించాల్సి వచ్చేదాకా ఆ చివరి రంగాలు మళ్ళీ చదవడానికి ధైర్యం చాలలేదని 1765లో రాసుకున్నాడు. ఆయనకి టేట్ ముగింపే నచ్చింది.

టీచరు పిల్లలకి ఇచ్చిన ప్రశ్న ఇదే: ఈ ముగింపులో న్యాయం ఉందా, లేకపోతే ఎందుకు లేదు?

మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర ఇది వాళ్ళ నానమ్మకి సగం తెలుగులో సగం ఇంగ్లీషులో చెప్పింది. దొండకాయలు చక్రాలుగా తరుగుతూ ఆవిడ అంతా విని, "పాపం" అన్నారు. ఆగి, "ఏ జన్మలో ఏ తల్లికి బిడ్డని దూరం చేసిందో" అన్నారు.

"అది టెక్స్ట్‌లో ఎక్కడుంది నానమ్మా?"

"ఎక్కడో ఉంటుంది. లేకపోతే ఊరికే ఎందుకు జరుగుతుంది?"

"అది ఆన్సర్ కాదు!" అని అది పుస్తకం మూసి మేడ మీదికి వెళ్ళిపోయింది. అత్తగారు నా వైపు చూసి, "ఏమన్నానే అమ్మాయ్ ఇప్పుడు?" అన్నారు.

ఆ కోపం వయసు కోపమే అనుకున్నాను మొదట. తర్వాత ఆలోచిస్తే దాంట్లో ఆ కోర్సు నేర్పిన క్రమశిక్షణ ఉంది. పుస్తకంలో లేనిదాన్ని ఆధారంగా చూపించకూడదు. పూర్వజన్మ అన్నది ఎవరూ చూడని పుస్తకం. అందులో ఏముందో ఎవరికీ తెలియదు కనక, ఏది కావాలంటే అది ఉందని చెప్పొచ్చు. బిడ్డ చచ్చిపోతే అందులో పాపం ఉంటుంది, లాటరీ తగిలితే పుణ్యం ఉంటుంది. ఎప్పుడూ తప్పని సమాధానం మీద ల్యాబ్‌లో పనిచేసే నాలాంటిదానికి మొదట్నుంచీ అనుమానమే.

అత్తగారి మాట ఆ నాటకంలోనే ఒకడు అంటాడని అప్పటికి మాకు తట్టలేదు. గ్లోస్టర్ అనే ముసలి దొరకి రెండు కళ్ళూ పీకేస్తారు. అతని మంచి కొడుకు ఎడ్గర్ చివర్లో, నాన్న పరాయి స్త్రీతో పోయిన పాపానికి కళ్ళు మూల్యం చెల్లించాడు, దేవతలది న్యాయమే అని తేల్చేస్తాడు. చేసిన కర్మకి సరిపడా ఫలం, లెక్క సరిపోయింది. గ్లోస్టర్ మాత్రం దేవతలకి మనం ఆటవస్తువులమని అంతకుముందే ఏడ్చాడు. క్రైస్తవం ఇంకా రాని కాలపు బ్రిటన్‌లో కథ పెట్టాడు షేక్స్పియర్. అంచేత ఎవడికి తోచిన దేవుణ్ణి వాడు తలుచుకుంటాడు, ఎవడికి తోచిన కారణం వాడు చెప్తాడు. ఒక్కొక్కళ్ళూ ఇదీ సంగతి అని ముగించబోతుంటే కథ ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఎడ్గర్ లెక్క కళ్ళదాకా సరిపోయింది. కార్డీలియా శవం వచ్చాక ఎడ్గర్ కూడా ఆ లెక్క ఎత్తడు.

మన కథల్లో కారణాలకి కొదవ లేదు. నిండు గర్భిణి సీతని అడవిలో వదిలేసినందుకు రాముణ్ణి నిలదీయాల్సిన చోట మనకి బోలెడు శాపాలు దొరుకుతాయి. భార్యని చంపినందుకు భృగువు విష్ణువుకి భార్యావియోగం కలగాలని శపించాడని ఉత్తరకాండలోనే ఉంది. పద్మపురాణం ఇంకో మెట్టెక్కి, చిన్నప్పుడు సీత చిలకల జంటని విడదీసిందనీ, ఆ చిలకే చాకలివాడై పుట్టి నింద వేసిందనీ చెప్పింది. ఆ దుఃఖం ఉత్తినే వచ్చిందంటే ఎవరికీ మనసొప్పలేదు. భవభూతి మరో దారి పట్టాడు. ఉత్తరరామచరితంలో సీతారాముల్ని చివరికి కలిపేశాడు. టేట్ చేసిందీ అదేగా అనొచ్చు గానీ, భవభూతి కలిపేలోపు రాముడి చేత ఎంత ఏడిపించాడో తెలిసినవాళ్ళు ఇద్దర్నీ ఒక గాట కట్టరు.

1963లో వచ్చిన 'లవకుశ' మాత్రం కలపలేదు. భూమి చీలి అంజలీదేవి లోపలికి వెళ్ళిపోతుంది. అప్పటికి అత్తగారు పరికిణీ కట్టే వయసు. ఎడ్లబళ్ళు కట్టుకుని ఊరంతా వెళ్ళారట. హాల్లో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారని ఇప్పటికీ చెప్తారు. నేనడిగాను: "అప్పుడెవరైనా సీత పూర్వజన్మలో చిలకల్ని విడదీసిందిలెండి, ఊరుకోండి అన్నారా అత్తయ్యా?" ఆవిడ నవ్వి, "అంటే కొట్టేవాళ్ళం" అన్నారు.

కర్మని నిలదీసిన మనిషి కూడా మన దగ్గర ఉన్నాడు. భారతం ఆదిపర్వంలో మాండవ్యుడు. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలకి తోడు అనుకుని రాజభటులు కొర్రు ఎక్కించారు. ప్రాణం పోలేదు. విషయం తెలిసి రాజు కాళ్ళ మీద పడ్డాడు గానీ కొర్రు పూర్తిగా ఊడి రాలేదు, బయట ఉన్నంతవరకూ కోసి తీయాల్సొచ్చింది. ఆ ముక్క ఒంట్లో ఉండగానే ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేనేం చేశానని ఈ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపోచతో గుచ్చావు అన్నాడు ధర్మరాజు. అంత చిన్న తప్పుకి ఇంత శిక్షా, పసితనంలో చేసిందానికి లెక్క ఏమిటి అని ముని మండిపడి, నువ్వు మనిషివై పుట్టు పో అని శపించాడు. విదురుడి పుట్టుక అలా జరిగింది. అక్కడితో ఊరుకోలేదు, 14 ఏళ్ళు నిండనివాళ్ళు చేసింది పాపం కిందికి రాదని కట్టడి చేశాడు. ప్రవచనాల్లో ఈ కథని విదురుడు ఎవరో చెప్పడానికి వాడుకుని దాటేస్తారు. నాకు మాత్రం భారతంలో ఇంతకంటే ధైర్యమైన ఘట్టం తక్కువ కనిపిస్తుంది. బాధపడ్డవాడు లెక్క చూపించమన్నాడు, చూపించారు, ఆ లెక్క చెల్లదన్నాడు. న్యాయం చెప్పే దేవుడు ఓడిపోయాడు.

ఆ 14 ఏళ్ళ మాట నాకు ల్యాబ్‌లో గుర్తొస్తూ ఉంటుంది. రక్తపరీక్షలు చేసే హెమటాలజీ బెంచి దగ్గర నా పని. ఊదారంగు మూతల గొట్టాలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. మెషిన్ ఏదైనా తేడాగా ఉందని చూపిస్తే ఒక చుక్క గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఒక్కోసారి ఉండకూడని కణాలు కనిపిస్తాయి: కణమంతా ఊదారంగు కేంద్రకమే, చుట్టూ నీలం అంచు సన్నగా, కేంద్రకంలో లేతగా ఒకటో రెండో మచ్చలు. బ్లాస్టులంటాం, లుకేమియా అనుమానం అక్కడే మొదలవుతుంది. లేబుల్ మీద పుట్టిన తేదీ చూడకుండా ఉందామనుకుంటాను గానీ చూడకుండా పని నడవదు. పిల్లల్లో వచ్చే లుకేమియాల్లో ఎక్కువగా కనిపించే రకం రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళలోనే మరీ ఎక్కువ. మాండవ్యుడి లెక్కన వీళ్ళంతా 14 ఏళ్ళ లోపు వాళ్ళే.

ఈ జబ్బుకి ఒకప్పుడు మందే లేదు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందుతో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని మొదటిసారి చూపించాడు. ఆ మందు తయారైంది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం చేతుల్లో. ఇప్పుడు ఆ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో ఇక్కడ నూటికి సుమారు 90 మంది బతుకుతున్నారు. అన్నదమ్ముల్ని స్ప్రూ జబ్బుకి పోగొట్టుకున్న మనిషి సుబ్బారావు. చదువుకునే రోజుల్లో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నవాడు, అంటే కర్మని నమ్మనివాడని చెప్పడానికి వీల్లేదు. నమ్మినా కూడా, ల్యాబ్‌లో సీసా ముందు కూర్చున్నప్పుడు ఆయన దాన్ని అడ్డం పెట్టుకోలేదు. అత్తగారికి ఈ సంగతి చెప్తే, "మన భీమవరం ఆయనే!" అని రెండు రోజులు ఫోన్లో అందరికీ చెప్పారు.

వేదాంతులు ఈ ప్రశ్నని వదిలేశారనడానికీ లేదు. బ్రహ్మసూత్రాలు రెండో అధ్యాయంలో దీన్నే ఎత్తుకున్నాయి. లోకంలో ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఇస్తున్నాడు కనక ఈశ్వరుడు పక్షపాతి, దయలేనివాడు అవుతాడు కదా అని ఆక్షేపణ. కాదు, ఆయన జీవుల కర్మని బట్టి ఇస్తాడని జవాబు. శంకరులు వానని ఉదాహరణ చూపిస్తారు: వాన అన్ని పొలాలకీ ఒకటే, వరి మొలిచిందా యవలు మొలిచాయా అన్నది విత్తనాన్ని బట్టి. మరి మొట్టమొదటి సృష్టిలో కర్మ ఎక్కడిది అంటే, సంసారానికి మొదలు లేదంటారు. తర్కం గట్టిదే. చదివి మెచ్చుకున్నాను కూడా. కానీ ఈ వాదంలో బోనులో నిలబడ్డది ఎవరో చూడండి. ఈశ్వరుడు. వకీళ్ళు ఆయన్ని నిర్దోషిగా బయటికి తీసుకొచ్చారు. ఉరి పడ్డ పిల్ల సంగతి ఆ కోర్టు ముందుకి రానే లేదు. దేవుడి మీద ఫిర్యాదుకి రాసిన జవాబుని తీసుకొచ్చి మనం పక్కింటి తల్లికి చదివి వినిపిస్తున్నాం.

వినిపించడం నేను చూశాను. మాకు తెలిసిన తెలుగువాళ్ళ ఇంట్లో పిల్లవాడు పోయినప్పుడు, పలకరించడానికి వచ్చినవాళ్ళు బియ్యం, కూరలు, వండిన అన్నం తెచ్చారు. తెచ్చినవాళ్ళే, "ఏం చేస్తాం, ఎవరి రుణం ఎంతో అంతే" అని కూడా అన్నారు. ఆ తల్లి తలూపింది. బైబిల్లో యోబు కథ చదివినవాళ్ళకి ఇది గుర్తుంటుంది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులొచ్చి ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాత నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసే ఉంటావని మొదలుపెట్టారు. చివర దేవుడికి కోపం వచ్చింది ఆ స్నేహితుల మీదే, తన తరపున మాట్లాడిన వాళ్ళ మీదే.

ఇదంతా ఒకరాత్రి అత్తగారితో వాదించాను. నా ధోరణి ఆవిడకి నచ్చలేదు. "నువ్వు చదువుకున్నదానివి, చెప్పగలవు" అన్నారు. తర్వాత ఆవిడ చెప్పింది నాకు అంతకుముందు సగమే తెలుసు. మావారికి ముందు ఆవిడకో కొడుకు. మూడేళ్ళు నిండలేదు. జ్వరమొచ్చింది, ఫిట్స్ వచ్చాయి, తెల్లారేసరికి పోయాడు. ఫొటో కూడా లేదు. "అందరూ నన్నే చూసేవారు. సరిగ్గా చూసుకోలేదేమో, ముందే తీసుకెళ్ళాల్సిందేమో అని. అలా చూస్తుంటే ఎలా బతుకుతావు? నా కర్మే, నేనే ఎప్పుడో చేసుకున్నాను అనుకున్నాక అన్నం తినగలిగాను." పిల్లాడి కర్మ అని ఎప్పుడైనా అనుకున్నారా అని అడిగాను. "వాడికేం కర్మ? వాడు పసివాడు!" అని విసుక్కున్నారు.

వేదాంతం ప్రకారం ఈ రెండు మాటలూ పొసగవు. పిల్లాడి చావు పిల్లాడి ప్రారబ్ధమే కావాలి. ఆవిడకి ఆ శాస్త్రం తెలియకకాదు, రోజూ ప్రవచనాలు వింటారు. అయినా కర్మని తన మీద వేసుకున్నారు, కొడుకు మీద పడనివ్వలేదు. కార్డీలియా మీద అంత తేలిగ్గా పడేసిన మనిషే. ఎవరో రాజుగారి కూతురు కనక పడేశారు. నాకు ఈ కర్మ సిద్ధాంతంతో ఉన్న పేచీ అంతా అక్కడే ఉంది, ఆవిడ అన్నం తినడం దగ్గర లేదు. మోసేవాడు తన బరువుకి ఏ పేరు పెట్టుకున్నా ఎవరూ అడగకూడదు. ఒడ్డున నిలబడ్డవాడు అదే పేరు పెడితే, వాడు చూడటం మానేశాడని అర్థం. ఆ కోర్సు, మార్కుల కోసమే అయినా, మా అమ్మాయిని చూడటం మాననివ్వలేదు. శవం వచ్చింది, అద్దం అడిగాడు, ఈక పెట్టాడు. ఎందుకో తర్వాత, ముందు అదేమిటో సరిగ్గా చెప్పు అంటుంది.

టేట్ మార్చిన ముగింపు సంగతి నానమ్మకి చెప్పింది మా అమ్మాయే. ఆవిడకి నచ్చుతుందనీ, అప్పుడు తను వాదించొచ్చనీ దాని ప్లాను. అత్తగారు విన్నారు. పెళ్ళి ఎవరితో అని అడిగారు. ఎడ్గర్ మంచివాడే అంటే సరే అన్నారు. ఆ తర్వాత, "బానే ఉంది గానీ, ఆ పిల్ల బతికే ఉంటే ఇంక ఆ ముసలాయన అద్దం ఎవరి ముక్కు దగ్గర పెడతాడు? అది తీసేస్తే నాలాంటిది ఆ ఆట చూసేదెందుకే?" అన్నారు.

మా అమ్మాయి ఆ మాట వదల్లేదు. టీచరు ఇచ్చిన ప్రశ్నకి వ్యాసం రాస్తూ, న్యాయం చేసే ముగింపు చూసేవాళ్ళకి ఊరటనిస్తుంది గానీ పోగొట్టుకున్నవాళ్ళకి నాటకంలో చోటు లేకుండా చేస్తుందని వాదించింది. నానమ్మ పేరెత్తలేదు. వ్యాసం దిద్ది వచ్చేసరికి అత్తగారు భీమవరం వెళ్ళిపోయారు. 6కి 5 వచ్చింది. ఆ వాక్యం పక్కన టీచరు, "చాలా బాగుంది, కానీ ఆధారం?" అని రాసింది. మా అమ్మాయి ఆ పేజీ ఫొటో తీసి, అర్థం చెప్పి, నానమ్మకి వాట్సాప్‌లో పంపింది. అరగంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఆధారం కావాలంటే ఆ టీచరమ్మని నాకోసారి ఫోన్ చెయ్యమనవే."